సద్దిబండ

మా ఆలెంతేజులో బెరడే బిరడా.
తొమ్మిదేళ్ళకోసారి మగవాళ్ళు
చెట్టు చొక్కా విప్పుతారు
గొడ్డలి అంచుతో, లోపలి పొరకి గాటు పడకుండా.
విప్పిన చోట ఎర్రటి ఒళ్ళు,
అప్పుడే పుట్టిన దూడలా తడితడిగా.
ఆ తడి ఆరాక
ఏడాది చివరి అంకె తెల్లరంగుతో రాయడం నా పని.
పన్నెండేళ్ళకి బడి మాన్పించి చేతికిచ్చిన ఉద్యోగం:
ఒక డబ్బా, ఒక కుంచె, ఒక అంకె.

ఆ యేడు ఏడు.
కొండవాలు నిండా ఏడులు రాసుకుంటూ పోయి
మధ్యాహ్నానికి బండ దగ్గర ఆగాం.
మా సద్దిబండ. పదడుగుల పొడవు,
పడుకున్న గొడ్డులా ఒక పక్క ఉబ్బు.
జాసింతో దాని మీదే రొట్టె కోసేవాడు.
వెల్లుల్లి అక్కడే చితిపేవాళ్ళం, కొత్తిమీర అక్కడే తుంచేవాళ్ళం,
నూనె ఒలికితే రొట్టెముక్కతో రాతిని తుడిచి
ఆ ముక్క నోట్లో వేసుకునేవాళ్ళం.
ఎవరు తెచ్చి పడేశారని ఎవరూ అడగలేదు.
బల్ల ఎవరు చేశారని
ఆకలి మీద అడుగుతామా?

ఆ రోజు కుంచెలో ఇంకా రంగు మిగిలింది.
బండ మీదా ఒక ఏడు వేశాను.
మేస్త్రీ బెర్నార్దీనో కేకలేశాడు,
రంగు తన అబ్బ సొమ్మైనట్టు.
మా నాన్న ఫిర్మీనో మాత్రం
నోట్లో ఆలివ్ గింజ అటునుంచి ఇటు తిప్పి
"మంచిదే, తొమ్మిదేళ్ళాగి దీని తోలూ వలుద్దాం" అన్నాడు.

తొమ్మిది కలుపుతూ పోతే
చివరి అంకె ఒక్కొక్కటే తగ్గుతుంది.
లెక్కల మాస్టారు చెప్పలేదు, చెట్లు చెప్పాయి.
ఏడు ఊడిన చోట ఆరు వేశాను, నిండు చూలాలిగా.
ఆరు ఊడిన చోట ఐదు.
నాలుగు వేసేటప్పటికి
కంచరగాడిద పోయి ట్రాక్టరొచ్చింది.
బండ మీద మాత్రం ఏడు ఏడులాగే ఉంది,
అంచుల్లో పసుప్పచ్చ పాచి పట్టి.

ఆ నాలుగు ఆరకముందే లిస్బన్ నుంచి దిగాయి
ఒక క్రేను, పటకాలు, టోపీలు.
ఇజౌరా అనే అమ్మాయి బండ మీద మోకాళ్ళూని
టూత్‌బ్రష్‌తో తోముతూ మూడు రోజులు గీతలు కొలిచింది.
అవి జాసింతో కత్తిగాట్లని
మూడో రోజు సాయంత్రం గానీ చెప్పలేదు మా నాన్న.
ఆమె ముఖం ఎర్రబడింది, తర్వాత నవ్వింది,
పుస్తకంలో రాసుకుంది: రొట్టె.

తర్వాత లేపారు.
ఇన్నాళ్ళూ అది మట్టిలో ముఖం పెట్టుకుని పడుకుందని
అప్పుడు తెలిసింది.
పొట్ట కింద తెల్లటి వేళ్ళు, ఒక కప్ప, మాకు పోయిన చెంచా,
రాతి మీద చెక్కిన వంకీ కర్ర ఒకటి.
ఏడువేల ఏళ్ళ నాటిదట.
అది అధికార చిహ్నమా, ఆయుధమా అని వాళ్ళు వాదించుకుంటుంటే
గొర్రెలకాపరి కొడుకు మా నాన్న
టోపీ తీసి చంకలో పెట్టుకుని
"గొర్రె వెనక్కాలు పట్టి లాగే కర్ర," అన్నాడు.
"మా అయ్యకీ ఉండేది."
కాసేపు క్రేను ఇంజను ఒక్కటే మాట్లాడింది.

అటు ఆ కర్ర. ఇటు నా ఏడు, తలకిందులుగా.
వీపుకి వీపు ఆనించి.
తుడిచెయ్యనా అని ఇజౌరా నన్ను అడిగింది.
నా ఇష్టం ఒకరు అడగడం నాకదే మొదలు.
ఉండనివ్వమన్నాను.

బల్ల లేచి నిలబడింది, మేం నేల మీదికి దిగాం.
మూడు వెయ్యకముందే నాన్న పోయాడు.
జాసింతో రెండు చూశాడు, ఒకటి చూడలేదు.
ఒంటిగంటకి రాతి నీడ
ఇద్దరికి సరిపోతుంది,
ఒక్కరే ఉంటే కాళ్ళు చాపుకోవచ్చు.

చెట్ల మీద ఇప్పుడు ఒకటి ఉంది.
నేనే వేశాను, కళ్ళజోడు తుడుచుకుంటూ.
వచ్చేసారి సున్నా.
డబ్బా తను పట్టుకుంటానంటోంది మనవరాలు.
సున్నా కష్టం, రంగు కిందికి కారిపోతుంది,
మొదలెట్టాక మధ్యలో చెయ్యి ఆపకూడదు.
ఇప్పట్నుంచే దానికి
పెరటి గోడ మీద నేర్పుతున్నాను.